ఆయిల్ ప్రింట్: తెలుపుల్లో కూడా ఇంకు పట్టేస్తోంది. సెన్సిటైజర్ ఎక్కువా, ఎక్స్‌పోజర్ ఎక్కువా?

తడికాగితం
ఆయిల్ ప్రింట్ కొత్తవాళ్ళకి ఒక్క ముక్క: జెలటిన్ పూసిన కాగితం మీద కాంతి తగిలిన చోటు గట్టిపడి జిడ్డు ఇంకు పట్టుకుంటుంది, తగలని చోటు నీళ్ళకి ఉబ్బి ఇంకుని నెట్టేస్తుంది. నావి మూడు షీట్లు వరసగా పోయాయి. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి, వివరాలన్నీ ఇస్తున్నా.

కాగితం 300 గ్రాముల వాటర్‌కలర్ పేపర్, 20×25 సెంటీమీటర్లు. దాని మీద 250 బ్లూమ్ (గడ్డకట్టే బలానికి కొలత) జెలటిన్, 8 శాతం ద్రావణం, షీటుకి 25 మి.లీ. పోసి సమంగా పరిచాను. గట్టిపరిచే మందేమీ కలపలేదు. సెన్సిటైజర్, అంటే జెలటిన్‌ని కాంతికి స్పందించేలా చేసే మందు, పొటాషియం డైక్రోమేట్ 6 శాతం, ట్రేలో 3 నిమిషాలు ముంచాను. రాత్రంతా చీకట్లో వేలాడదీసి, మర్నాడు సాయంత్రం వాడాను. యూవీ ట్యూబుల కింద ఎక్స్‌పోజర్. పసుపు పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ 20 డిగ్రీల నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, లితో ఇంకు (చిక్కటి జిడ్డు అచ్చు ఇంకు) రోలర్‌తో వేశాను.

8 నిమిషాలకి షీటంతా నలుపు. 4 నిమిషాలకి బొమ్మ కనబడుతోంది గానీ ఆకాశం బూడిద రంగు. 2 నిమిషాలకి అసలు నలుపే రాలేదు, ఆకాశంలో బూడిద మాత్రం అలాగే ఉండిపోయింది. మందు తగ్గించాలా, టైము ఇంకా తగ్గించాలా?

ఎండపెట్టె
తెలుపులు మూసుకుపోతున్నాయంటే కాంతి ఎక్కువైనట్టే. 6 శాతం డైక్రోమేట్ చాలా చురుగ్గా ఉంటుంది. 1 నిమిషం చూడండి, లేకపోతే ట్యూబుల్ని పైకి జరపండి.

సిరాచుక్క
ఆగండి. 2 నిమిషాలకే నలుపు రావడం లేదంటున్నారు, 1 నిమిషానికి ఏం వస్తుంది? టైము తగ్గించినా బూడిద కదలలేదంటే ఆ బూడిద నెగటివ్‌లోంచి దిగిన కాంతి వల్ల వచ్చింది కాదు.

తడికాగితం గారూ, ఒక్కటి చెప్పండి. నెగటివ్ చుట్టూ నల్ల టేపు అంచు ఉందా? ఆ టేపు కింద జెలటిన్ ఇంకు పట్టిందా లేదా?

తడికాగితం
ఉంది, సెంటీమీటరు వెడల్పు. ఇప్పుడు మూడు షీట్లూ తీసి చూశా. టేపు కింద కూడా బూడిదే. ఆకాశంలో ఉన్నంత బూడిద, అంతే.

సిరాచుక్క
తేలిపోయింది. ఆ అంచుకి కాంతే తగల్లేదు. కాబట్టి ఎక్స్‌పోజర్ గొడవ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కాంతి తగలని జెలటిన్ ఇంకు పట్టడానికి మూడే దారులు. ఒకటి, జెలటిన్ మొదటినుంచీ సరిగ్గా ఉబ్బడం లేదు, లేదా ఇంకు మరీ మెత్తగా ఉంది. రెండు, డైక్రోమేట్ చీకట్లోనే జెలటిన్‌ని గట్టిపరిచేసింది. మూడు, కడిగేటప్పుడు మందు పూర్తిగా పోలేదు. ఏదో తెలుసుకోవడానికి కొత్త షీటు పాడుచేసుకోనక్కర్లేదు, మూడు పట్టీలు చాలు.

అ: జెలటిన్ పూసి, మందు అసలు తగలని పట్టీ.
ఆ: మందు పెట్టి, చల్లటి ఫ్యాన్ గాలికి ఆరిన వెంటనే, అంటే రెండు గంటల్లోపే, కాంతి చూపించకుండా కడిగేసిన పట్టీ.
ఇ: మందు పెట్టి రాత్రంతా ఉంచి, మీ అలవాటు ప్రకారం మర్నాడు కడిగిన పట్టీ. దీనికీ కాంతి వద్దు.

మూడింటినీ ఆరబెట్టి, ఒకే ట్రేలో ఒకేసారి నానబెట్టి, నీళ్ళు ఒత్తేసి, అదే ఇంకు అదే రోలర్‌తో ఒక్క దెబ్బలో వేయండి. 'అ' పట్టీ ఇంకు పట్టిందా, తప్పు జెలటిన్‌దో ఇంకుదో నానుడుదో. 'ఆ' శుభ్రంగా ఉండి 'ఇ' పట్టిందా, చీకటి గట్టిదనం. 'ఆ', 'ఇ' రెండూ ఒకేలా పట్టాయా, కడుగుడు చూడాలి, మందు మోతాదు కూడా చూడాలి.

కొత్తఫ్రేమ్
చీకట్లో గట్టిపడటం ఏమిటి? కాంతి లేకుండా డైక్రోమేట్ పనిచేయదు కదా?

పొటాష్‌పంతులు
పనిచేస్తుంది, నెమ్మదిగా. కాంతి పడ్డప్పుడు జరిగే పనే అది. ఆరు వేలెన్సీ క్రోమియం జెలటిన్‌ని ఆక్సీకరించి తాను మూడు వేలెన్సీకి దిగిపోతుంది. ఆ మూడు వేలెన్సీ క్రోమియమే జెలటిన్ గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. ముడులు పడ్డ చోట నీళ్ళు పీల్చదు, ఇంకు పడుతుంది. కాంతి ఈ పనిని వేగం చేస్తుంది. చీకట్లో కూడా వేడి, తేమ, గడిచిన గంటలు కలిసి ఇదే పని చేసిపెడతాయి. మందు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా.

అందుకే మందు పెట్టిన కాగితాన్ని పాలలా చూడాలి. ఆరిన రోజే వాడెయ్యాలి, ఇంకా మంచిది ఆరిన రెండు మూడు గంటల్లో. ఎక్స్‌పోజర్ అయ్యాక కూడా అంతే. కాంతి మొదలుపెట్టిన పని చీకట్లో సాగుతూనే ఉంటుంది. ఫ్రేములోంచి తీసి భోంచేసి వచ్చి కడుగుతానంటే కుదరదు, తీసిన వెంటనే నీళ్ళలో పడాలి. ఒకరోజు వెంటనే, ఇంకోరోజు గంట తర్వాత కడిగితే ఆ రెండు ప్రింట్ల టైముల్ని పోల్చడానికే లేదు.

ఎండపెట్టె
టేపు సంగతి నేను చూసుకోలేదు. సరే, ఒప్పుకుంటున్నా. అయినా 6 శాతం ఎక్కువే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

సిరాచుక్క
అది నిజమే. కానీ 'ఆరు శాతం' అనే మాటకి ముంచినప్పుడు ఒక అర్థం, బ్రష్‌తో రాసినప్పుడు ఒక అర్థం. సీసా మీద శాతం చూసి అందరూ పోల్చుకుంటారు. జెలటిన్‌కి శాతం తెలీదు, తనలోకి ఎన్ని మిల్లీగ్రాముల డైక్రోమేట్ చేరిందన్నదే దానికి తెలుసు.

తడికాగితం గారి లెక్కే తీసుకుందాం. 25 మి.లీ. లో 8 శాతం, అంటే షీటు మీద 2 గ్రాముల జెలటిన్. గట్టిపరచని జెలటిన్ తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్ళు తాగుతుంది, కింద కాగితం కూడా తాగుతుంది. ముంచే ముందు షీటు తూచండి. ముంచి, చుక్కలు కారడం ఆగాక మళ్ళీ తూచండి. పెరిగిన బరువుని శాతంతో గుణిస్తే లోపలికెళ్ళిన మందు తెలుస్తుంది. అదే బ్రష్‌తో 2.5 శాతం ద్రావణం 6 మి.లీ. రాస్తే షీటుకి సరిగ్గా 150 మిల్లీగ్రాములు.

తడికాగితం
ఒక షీటు తూచాను, ఇప్పుడే. పొడిగా 17 గ్రాములు. ముంచి తీశాక 35.

సిరాచుక్క
18 గ్రాములు తాగింది. 6 శాతం చొప్పున 1080 మిల్లీగ్రాములు. బ్రష్ పద్ధతికి ఏడు రెట్లు. అందులో కొంత కాగితం లోపలికి పోయి ఉంటుంది, అది బొమ్మకి పనికిరాదు, కడగడానికి మాత్రం అడ్డం. మిగిలింది చాలు మీ జెలటిన్‌ని రాత్రికి రాత్రి తోలు చేయడానికి.

జింకకాలిబ్రష్
పాత పుస్తకాల్లో ముంచే పద్ధతికి 2, 2.5 శాతం అని కనబడేది అందుకే. ఆ అంకెని చూసి బ్రష్‌కి వాడితే బలహీనం అనిపిస్తుంది, బ్రష్ అంకెని ముంచడానికి వాడితే ఇదిగో ఇలా అవుతుంది.

కొత్తఫ్రేమ్
బ్రష్‌తో రాస్తే నీళ్ళ సెన్సిటైజర్ ఆరడానికి చాలాసేపు పడుతోంది, చారలు కూడా వస్తున్నాయి. ఆల్కహాల్ కలపమని విన్నాను. పొటాషియం డైక్రోమేట్ 5 శాతంలో ఐసోప్రొపైల్ సమంగా కలిపితే అడుగున నారింజ ఇసుకలా ఏదో దిగింది.

పొటాష్‌పంతులు
దిగకుండా ఎలా ఉంటుంది! పొటాషియం డైక్రోమేట్ ఆల్కహాల్‌లో కరగదు. నీళ్ళలో కరిగినదాన్ని ఆల్కహాల్ బయటికి నెట్టేసింది. ఆ ఇసుకతో రాస్తే ప్రతి రేణువు చుట్టూ ఒక నల్ల చుక్క ఖాయం.

ఆల్కహాల్ పద్ధతి కావాలంటే అమ్మోనియం డైక్రోమేట్ తీసుకోండి. నీళ్ళలో 10 శాతం స్టాక్ ఒక వంతు, ఆల్కహాల్ రెండు వంతులు. కలిపాక బలం 3.3 శాతం. షీటుకి 6 మి.లీ. అంటే 200 మిల్లీగ్రాములు. ఇది పావుగంటలో ఆరిపోతుంది, జెలటిన్ పెద్దగా ఉబ్బదు, చారలు తగ్గుతాయి.

రెండు హెచ్చరికలు, దయచేసి దాటెయ్యకండి. డైక్రోమేట్ ఆల్కహాల్‌ని ఆక్సీకరిస్తుంది, కాబట్టి కలిపిన ద్రావణం నిలవ ఉండదు. ఆ షీటుకి కావలసినంతే కలిపి అప్పుడే వాడాలి, గోధుమరంగుకో ఆకుపచ్చకో తిరిగిందంటే పక్కన పెట్టెయ్యాలి. రెండోది, పొడి డైక్రోమేట్ గింజల్ని నేరుగా ఆల్కహాల్‌లో ఎప్పుడూ వెయ్యకండి, అంటుకునే ప్రమాదం ఉంది. ముందు నీళ్ళలో కరగాలి, ఆ తర్వాతే ఆల్కహాల్.

ఎండపెట్టె
పొటాషియం వాడేవాళ్ళు అమ్మోనియంకి మారితే అంతే శాతం వేసుకోవచ్చా?

పొటాష్‌పంతులు
బరువులు వేరు. పొటాషియం డైక్రోమేట్ అణుభారం 294, అమ్మోనియంది 252. అంటే 5 శాతం పొటాషియంలో ఉన్నంత డైక్రోమేట్ 4.3 శాతం అమ్మోనియంలోనే ఉంటుంది. పైగా అమ్మోనియం కొంచెం చురుకు. మారిన రోజున టైము మళ్ళీ కొలుచుకోవాల్సిందే. ఇంకో తేడా: గది వేడిలో పొటాషియం నీళ్ళలో 12 శాతం దగ్గర ఆగిపోతుంది, అమ్మోనియం దానికి రెట్టింపు పైనే కరుగుతుంది. ఆయిల్ ప్రింట్‌కి అంత బలం అవసరం పడదు గనక ఇది పట్టించుకోనక్కర్లేదు.

తడికాగితం
పట్టీల ఫలితం వచ్చింది. 'అ' శుభ్రం, రోలర్ మీద ఇంకు రోలర్ మీదే ఉంది. 'ఆ' దాదాపు శుభ్రం, ఒక మూల చిన్న పొగలాంటిది. 'ఇ' బూడిద, టేపు అంచు లాగే. మూడూ ఒకే ట్రే, ఒకే నానుడు.

సిరాచుక్క
ఇంత స్పష్టంగా తేలడం చాలా మంచిది. జెలటిన్ బాగుంది, ఇంకు బాగుంది, నానుడు బాగుంది. రాత్రంతా వేలాడదీయడమే దొంగ. 'ఆ' మూలలో పొగ ముంచిన మోతాదు వల్ల.

ఇకనుంచి బ్రష్. పొటాషియం 2.5 శాతం, షీటుకి 6 మి.లీ. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, బ్రష్‌లో చుక్క మిగలకుండా. ఆరడానికి చల్లటి గాలే వాడండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెడితే తేమగా ఉన్న జెలటిన్‌లో చీకటి గట్టిదనం పరుగెడుతుంది, మరీ వేడైతే జెలటినే కరిగి జారుతుంది. తడిగా ఉన్నంతసేపు దీనికి కాంతి చురుకు తక్కువ, ఆరుతున్నకొద్దీ పెరుగుతుంది. అందుకని రాయడం మసక పసుపు బల్బు కింద చేసుకోవచ్చు, ఆరబెట్టడం మాత్రం చీకట్లోనే.

పసుపుమరక
కడుగుడు గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అక్కడా ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పసుపు త్వరగా పోవాలని షీటు ఫ్రేములోంచి తీసీ తియ్యగానే మెటాబైసల్ఫైట్‌లో వేస్తారు. మెటాబైసల్ఫైట్ చేసే పనేమిటి? మిగిలిన ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకి దింపుతుంది. పంతులు గారు చెప్పినట్టు జెలటిన్‌ని ముడివేసేది ఆ మూడు వేలెన్సీదే. అంటే తెలుపుల్లో ఇంకా మందు ఉండగా దాన్ని అక్కడికక్కడే గట్టిపరుస్తున్నారన్నమాట.

ముందు మామూలు నీళ్ళు. 15 నుంచి 20 డిగ్రీలు, ఐదు నిమిషాలకోసారి మార్చాలి. పారబోసే ముందు కొంచెం నీళ్ళు తెల్ల కప్పులో పోసి, పక్కన ఇంకో తెల్ల కప్పులో కుళాయి నీళ్ళు పెట్టి చూడండి. ట్రేలో కంటికి కనబడని పసుపు కప్పులో కనబడుతుంది. రెండు కప్పులూ ఒకేలా ఉన్నాక ఇంకో పది నిమిషాలు కడగండి. అప్పటికీ కాగితంలో మరక మిగిలితే అప్పుడు 1 శాతం మెటాబైసల్ఫైట్, రెండు మూడు నిమిషాలు, మళ్ళీ నీళ్ళు.

తడికాగితం
నేను చేస్తున్నది సరిగ్గా అదే. 5 నిమిషాలు కడిగి మెటాబైసల్ఫైట్‌లో వేస్తున్నా. మూడు పట్టీల్లో మాత్రం అది వాడలేదు.

పసుపుమరక
అయితే ఆకాశంలో బూడిదకి అదీ కొంత తోడై ఉంటుంది. మానెయ్యండి.

మెట్లపట్టీ
ఇప్పుడు ఎక్స్‌పోజర్ మాట్లాడుకుందాం. నెగటివ్‌తో టైము వెతక్కండి, స్టెప్ వెడ్జ్‌తో, అంటే మెట్లుమెట్లుగా నల్లబడుతూ పోయే ఫిల్ము పట్టీతో వెతకండి. 21 మెట్ల వెడ్జ్‌లో ఒక్కో మెట్టు 0.15 సాంద్రత, అంటే సగం స్టాపు. రెండు మెట్లు ఒక స్టాపు, అంటే టైము రెట్టింపో సగమో.

ఈ వెడ్జ్ రెండు వేరువేరు సంగతులు చెబుతుంది, వాటిని కలిపేసుకుంటేనే తిప్పలు. మొదటిది: నిండు నలుపు ఎన్నో మెట్టు దగ్గర ఆగింది? ఇది టైము సంగతి. టైము పెంచితే బొమ్మ మొత్తం వెడ్జ్ మీద పెద్ద అంకెల మెట్ల వైపు జరుగుతుంది, తగ్గిస్తే చిన్న అంకెల వైపు. రెండోది: నిండు నలుపు నుంచి శుభ్రమైన తెలుపు దాకా ఎన్ని మెట్లున్నాయి? ఇది సెన్సిటైజర్ సంగతి. మందు ఎక్కువైతే మెట్లు ఎక్కువ, అంటే బొమ్మ మెత్తన. మందు తగ్గిస్తే మెట్లు తగ్గుతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు టైము ఎక్కువ పడుతుంది.

కాబట్టి 'తెలుపులు బూడిదగా ఉన్నాయి, నలుపు సరిగ్గా ఉంది' అంటే టైము ముట్టుకోకండి, మందు తగ్గించండి. 'తెలుపులూ బూడిద, నీడల్లో వివరాలూ మూసుకుపోయాయి' అంటే టైము ఎక్కువ. 'తెలుపు బాగుంది, నలుపు పలచన' అంటే టైము తక్కువ.

వెడ్జ్ పక్కన రెండు వేళ్ళంత వెడల్పు నల్ల టేపు తప్పనిసరిగా అతికించండి. ప్రతి పరీక్షలోనూ ఆ చోటు ముందు చూడాలి. అక్కడ ఇంకు పట్టితే మిగతా మెట్లు చదవడమే దండగ.

కొత్తఫ్రేమ్
ఎక్స్‌పోజర్ అయ్యాక కాగితం మీద గోధుమరంగు బొమ్మ కనిపిస్తుంది కదా, తెలుపుల్లో వివరం మసగ్గా కనబడేదాకా ఉంచితే చాలదా?

మెట్లపట్టీ
ఒకే బలం ఎప్పుడూ వాడేవాళ్ళకి అది మంచి గుర్తే. బలం మార్చినప్పుడు మోసం చేస్తుంది. మందు తక్కువున్న కాగితం మీద గోధుమరంగు పలచగా కనబడుతుంది, ఇంకా చాలలేదనుకుని ఉంచేస్తాం.

ఎండపెట్టె
ట్యూబులు వెలిగించిన మొదటి కొన్ని నిమిషాలు వెలుగు నిలకడగా ఉండదు. ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి అప్పుడు ఫ్రేము పెట్టండి, లేకపోతే ఒకే 6 నిమిషాలు ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. ఎల్‌ఈడీ వాడేవాళ్ళకి ఈ బాధ లేదు. డైక్రోమేట్‌కి 350 నానోమీటర్ల చుట్టుపక్కల బాగా పీల్చుకునే చోటు ఒకటుంది, నీలం వైపు 440 దగ్గర ఇంకొకటి, కాస్త బలహీనం. 365 గానీ 395 గానీ రెండూ పనిచేస్తాయి. డిజిటల్ నెగటివ్ (ప్రింటర్‌తో పారదర్శక ఫిల్ము మీద తీసినది) ఇంకు మాత్రం ఈ రెండు అలల్నీ ఒకేలా ఆపదు. లైటు మారిస్తే నెగటివ్ కర్వు, అంటే రంగుల మెట్లని సరిచేసే సర్దుబాటు, మళ్ళీ చేసుకోవాలి.

కొత్తఫ్రేమ్
నాకో సందేహం. ఈ బాధలన్నీ బ్రోమాయిల్‌లో, అంటే వెండి ఫొటో ప్రింటుని బ్లీచ్ చేసి ఇంకు పట్టించే పద్ధతిలో, ఉండవా? అక్కడ బ్లీచ్ ఉంటుంది కదా, ఆ బ్లీచ్‌నే దీనికి వాడితే?

జింకకాలిబ్రష్
కుదరదు. బ్రోమాయిల్ బ్లీచ్ వెండి బొమ్మ ఉన్న చోటే జెలటిన్‌ని గట్టిపరుస్తుంది. మన కాగితంలో వెండే లేదు, మనకి ఆ పని కాంతే చేయాలి. పుట్టుక కూడా అలాగే. డైక్రోమేట్ జెలటిన్ మీద జిడ్డు ఇంకు పట్టించవచ్చని ఫ్రెంచ్ రసాయనవేత్త ప్వాటెవాఁ 1855లోనే చూపించాడు. 1904లో ఇంగ్లండ్‌లో రాలిన్స్ దాన్నే చిత్రకారులు వాడుకునే ఆయిల్ ప్రింట్‌గా తెచ్చాడు. దానికి నెగటివ్ ప్రింటంత ఉండాలి, కాంటాక్ట్ (నెగటివ్‌ని కాగితానికి ఆనించి కాంతి చూపించడం) తప్పదు. ఆ ఇబ్బంది తప్పించడానికే 1907లో బ్రోమాయిల్ వచ్చింది, ఎన్‌లార్జ్ చేసిన బ్రోమైడ్ ప్రింటు నుంచి మొదలుపెట్టొచ్చు గనక.

జెలటిన్ పూసే ఓపిక లేక ఫొటో పేపర్‌ని ఫిక్స్ చేసి వాడేవాళ్ళకి ఒక మాట. గట్టిపరిచే ఫిక్సర్, అంటే పటిక ఉన్నది, వాడకండి. ఇప్పటి పేపర్లు చాలావాటి మీద గట్టి పైపొర ఉంటుంది, అవి అసలు ఉబ్బవు. ముందు 'అ' పట్టీ పరీక్ష చేసి చూడండి.

తడికాగితం
కొత్త లెక్కతో వెడ్జ్ తీశాను. పొటాషియం 2.5 శాతం, 6 మి.లీ. బ్రష్. చల్లటి గాలికి రెండు గంటలు, వెంటనే ఎక్స్‌పోజర్, 12 నిమిషాలు. మామూలు నీళ్ళలో 40 నిమిషాలు. టేపు కింద తెల్లగా ఉంది! 1, 2, 3 మెట్లు ఒకే నలుపు, నాలుగు నుంచి విడిపోయాయి. 13వ మెట్టు మొదటి శుభ్రమైన తెలుపు. నా నెగటివ్ పరిధి, అంటే అతి పలచటి చోటుకీ అతి నల్లటి చోటుకీ మధ్య సాంద్రత తేడా, 1.2.

మెట్లపట్టీ
చక్కగా ఉంది, ఇక చదవడమే. మూడు మెట్లు ఒకే నలుపులో ఉన్నాయంటే రెండు మెట్ల కాంతి వృథా. ఒక స్టాపు తగ్గించండి, 6 నిమిషాలు. అప్పుడు ఒకటో మెట్టు నిండు నలుపు, 11వ మెట్టు తెలుపు అవుతుంది.

ఇక పరిధి: 3 నుంచి 13 దాకా పది మెట్లు, 0.15 చొప్పున 1.5. మీ నెగటివ్ 1.2, అంటే ఎనిమిది మెట్లే. 6 నిమిషాలకి మీ ఆకాశం తొమ్మిదో మెట్టు మీద పడుతుంది, అక్కడ ఇంకా పలచటి ఇంకు ఉంది. కాబట్టి మందు ఇంకా తగ్గించాలి. 1.5 శాతం, అదే 6 మి.లీ. టైము ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి మళ్ళీ వెడ్జ్ చూడండి.

జింకకాలిబ్రష్
నేను ఒప్పుకోను. మందు తగ్గించే ముందు ఇంకు చూడాలి. రెండు మెట్ల తేడాని ఇంకు గట్టిదనంతో, నానుడు వేడితో సరిచెయ్యొచ్చు. గట్టి ఇంకు బాగా గట్టిపడ్డ చోటే పడుతుంది, తెలుపుని వదిలేస్తుంది. లిన్సీడ్ వార్నిష్ చుక్క కలిపి మెత్తన చేస్తే లేత మెట్లు కూడా పట్టుకుంటాయి. అలాగే 20 డిగ్రీల బదులు 25 డిగ్రీల నీళ్ళలో నానబెడితే తెలుపులు ఇంకా ఉబ్బి ఇంకుని నెట్టేస్తాయి. 30 దాటకండి, గట్టిపరచని జెలటిన్ కరిగి లేచిపోతుంది.

ఇంకు పట్టించే ముందు షీటుని బల్ల అంచున పెట్టి ఏటవాలు వెలుగులో కంటి మట్టానికి చూడండి. ఆకాశం ఉన్న చోటు నునుపుగా మెరుస్తూ పైకి లేచి ఉండాలి, నీడలు కిందికి దిగి మ్యాట్‌గా ఉండాలి. ఆ గట్టు వేలితో తడిమినా తెలుస్తుంది. గట్టు లేని చోట ఏ ఇంకూ ఏమీ చెయ్యలేదు. తర్వాత నీళ్ళు ఒత్తడం: పీచు రాలని బట్టతో, మెరిసే చుక్క ఒక్కటి కూడా మిగలకుండా. చుక్క ఉన్న చోట ఇంకు పట్టదు, తెల్ల మచ్చ.

మెట్లపట్టీ
మీరు చెప్పినవన్నీ నిజమే గానీ అవి రోజూ మారేవి. ఇంకు గది వేడికి మారుతుంది, వేసే చెయ్యి మారుతుంది. మందు మిల్లీగ్రాముల్లో తూచింది మారదు. ముందు మారనిదాన్ని కుదుర్చుకుని, మిగిలిన కాస్త ఇంకుతో దిద్దుకోవాలి. పరీక్ష జరుగుతుండగా ఇంకు, వేడి రెండూ కదిపితే ఏది దేనివల్లో తెలీదు.

సిరాచుక్క
పరీక్షకి మెట్లపట్టీ గారి మాట, ప్రింటుకి జింకకాలి గారి మాట. వెడ్జ్ తీసేటప్పుడు ఒకే ఇంకు, ఒకే 20 డిగ్రీలు, ఒకే రోలర్. డిజిటల్ నెగటివ్ అయితే మూడో దారి కూడా ఉంది. మందు అలాగే ఉంచి నెగటివ్ పరిధినే 1.5 కి పెంచుకోవచ్చు. టైము పెరగదు, మెట్లు ఎక్కువ గనక మధ్య రంగులు మెత్తగా పలుకుతాయి. వదిలెయ్యకండి.

రోలర్ గురించి ఒక్క ముక్క. నెమ్మదిగా ఒత్తితే ఇంకు పెడుతుంది, వేగంగా తేలిగ్గా దొర్లిస్తే ఇంకు లాగేస్తుంది. తెలుపులో పలచటి పొగ కనబడగానే మందుని తిట్టుకోకుండా, నాలుగుసార్లు వేగంగా దొర్లించి చూడండి. పోతే అది పైపొర ఆరిపోవడం, షీటుని మళ్ళీ ఐదు నిమిషాలు నీళ్ళలో వేస్తే చాలు. పోకపోతే అది గట్టిదనం.

పసుపుమరక
ట్రేలో మిగిలిన ఆ 6 శాతం ద్రావణం సింకులో పోయొద్దు. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మానికీ తగలకూడదు. నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి, పొడి తూచేటప్పుడు మాస్కు కూడా. పారబోసేది ఉంటే గాలి బాగా ఆడే చోట మెటాబైసల్ఫైట్ కొద్దికొద్దిగా కలపండి, ఘాటు వాసన వస్తుంది, పీల్చకండి. నారింజ పూర్తిగా పోయి ఆకుపచ్చ వచ్చాక వాషింగ్ సోడా వేస్తే క్రోమియం మడ్డిగా అడుగున దిగుతుంది. ఆ మడ్డి సీసాలో దాచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి. మొదటి రెండు కడుగుళ్ళ నీళ్ళకి కూడా ఇదే పద్ధతి.

తడికాగితం
1.5 శాతం, 6 మి.లీ. అంటే షీటుకి 90 మిల్లీగ్రాములు. 9 నిమిషాలు. వెడ్జ్‌లో ఒకటో మెట్టు నిండు నలుపు, రెండోది విడిగా ఉంది, తొమ్మిదోది తెలుపు. టేపు కింద తెలుపు. అదే లెక్కతో నెగటివ్ పెట్టాను, ఆకాశం శుభ్రంగా వచ్చింది, మేఘం అంచులో పలచటి మెట్టు కూడా ఉంది. 1.5 పరిధి నెగటివ్ కూడా తయారు చేస్తున్నా, 2.5 శాతంతో పోల్చడానికి.

ఒకటే మిగిలింది. నీడల్లో సూదిమొనంత తెల్ల చుక్కలు, గుండ్రంగా, ప్రతి షీటులోనూ అదే మూల. నీళ్ళు బాగానే ఒత్తాను.

జింకకాలిబ్రష్
గుండ్రంగా, సూదిమొనంత అంటే నీటి చుక్క కాదు, జెలటిన్ పోసేటప్పటి గాలి బుడగ. ద్రావణం కలిపాక 45 డిగ్రీల దగ్గర అరగంట కదపకుండా ఉంచి, పైన తేలిన నురగని కాగితం ముక్కతో లాగేసి, అప్పుడు పొయ్యండి. ప్రతిసారీ అదే మూలా? పోయడం ఎక్కడ మొదలుపెడుతున్నారు?

తడికాగితం
అదే మూల నుంచి.

జింకకాలిబ్రష్
గిన్నె ఎత్తు తగ్గించండి. మూతి కాగితానికి దాదాపు ఆనుకుని ఉండాలి.